తనవారిని కాదనిన సాహసము

తార్నాక కూడలిలో మెట్రో రైలు వంతెన క్రింద నిలిచి, అటనుండి పడమటి వైపు నడక సాగించినచో కొలది సేపటిలోనే ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణము చేరుదుము. చెట్ల వరుసలు దాటిన పిమ్మట గులాబి వన్నె గ్రానైటు రాతితో కట్టిన ఆర్ట్స్ కళాశాల దర్శనమిచ్చును. బెల్జియము దేశస్థుడైన ఎర్నెస్టు జాస్పరు దానికి రూపకల్పన చేసెను. 1934 జూలై 5 వ తేదీన శంకుస్థాపన జరిగినది. 1939 డిసెంబరు 4 వ తేదీన నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాను ఆ భవనమును ప్రారంభించెను. యూరపులో రెండవ ప్రపంచ యుద్ధము మొదలై అప్పటికి మూడు నెలలు. హిట్లరు సేనలు పోలెండును మ్రింగివేసియుండెను. ఇక్కడ మాత్రము పూలమాలలు, ఉపన్యాసములు. కాని ఆ కళాశాలలో చదువుకొనవలసిన విద్యార్థులు కొన్ని వందల మంది ఆనాడు నగరములోనే లేరు. ఏడాది క్రిందటనే వారికి ఈ విశ్వవిద్యాలయపు తలుపులు మూసివేయబడెను.

ఫాసిజమనగానే మనకు రోము, బెర్లిను నగరములు జ్ఞప్తికి వచ్చుట సహజము. నల్ల చొక్కాలు, గోధుమ చొక్కాలు, కవాతులు, ఒక్క నాయకుని పేర జయజయధ్వానములు, ఫలానా జాతిలో పుట్టినవాడే మనుష్యుడను సిద్ధాంతము: ఇవన్నియు ఎక్కడనో సముద్రములకు ఆవల జరిగినవని మనము పుస్తకములలో చదువుకొందుము. మన నగరములోను అట్టి కవాతులు జరిగినవి. అట్టి సిద్ధాంతమును వినిపించినవారు ఇక్కడను ఉండిరి. వారిని ఎదిరించినవారును ఉండిరి. నేను ముఖ్యముగా ముచ్చటింపదలచినది ఈ కడపటివారిని గురించి. శత్రువు పరాయివాడైనపుడు ఎదిరించుటకు ధైర్యమొక్కటి చాలును. అతడు తన మతమువాడు, తన భాషవాడు, తన యింటి పెండ్లిపందిటిలో ప్రక్కన కూర్చుండి భుజించినవాడు అయినపుడు ధైర్యముతో పాటు మరియొకటి కావలెను. దానికి పేరేమో నాకు తెలియదు గాని, అది కలవారు కొందరు హైదరాబాదులో ఉండిరి. వారిలో పలువురు ఈ ఉస్మానియా నీడలో చదివినవారే.

ముందుగా విశ్వవిద్యాలయమునకు న్యాయము చేయవలెను. 1917 లో నిజాము ఫర్మానాతో వెలసి, 1919 ఆగస్టులో పాఠములు ప్రారంభించిన ఈ సంస్థ, ఉన్నత విద్య అంతయు ఆంగ్లములోనే సాగుచున్న కాలమున ఒక భారతీయ భాషను బోధనా మాధ్యమముగ స్వీకరించెను. వైద్యము, ఇంజనీరింగు, రసాయనము, చరిత్ర, అన్నియు ఉర్దూలో. అందుకొరకు ఒక అనువాద శాఖ నెలకొల్పి వందల గ్రంథములు తర్జుమా చేయించిరి. దేశమంతటను దీనిని మెచ్చుకొన్నవారున్నారు. అయితే సంస్థానపు ప్రజలలో సగమునకు కొంచెము తక్కువ మంది తెలుగు వారు. మిగిలినవారిలో మరాఠీ, కన్నడము మాటలాడువారే ఎక్కువ. ఉర్దూ మాతృభాషగా గలవారు నూటికి 12 మందికి మించరు. ఓరుగల్లు నుండి వచ్చిన రైతు బిడ్డ తన ఊరి భాషను స్టేషనులో దిగినచోటనే విడిచి రావలసియుండెను. ఒకరికి స్వభాషాభిమానమైనది మరియొకరికి పరభాషా భారమైనది. ఈ చిక్కు ఆనాటి పెద్దలలో అందరికిని కనబడలేదు.

చిక్కు భాషతో ఆగలేదు. బహదూర్ యార్ జంగు నాయకత్వమున మజ్లిసు పక్షము బలపడిన దినములలో ‘అనల్ మాలిక్’ అను నినాదము ప్రచారములోనికి వచ్చెను. ‘నేనే ప్రభువును’ అని దాని తాత్పర్యము. రాజ్యాధికారము నిజాము నవాబు ఒక్కనిది కాదు, సంస్థానములోని ప్రతి ముస్లిముది; నవాబు ఆ అధికారమునకు చిహ్నము మాత్రమే అని ఆ వాదము. వినుటకు ఇందులో ఒక ప్రజాస్వామ్యపు వాసన కలదు. జట్కా తోలువానికి, గడియారములు బాగుచేయువానికి ‘నీవును ప్రభువువే’ అని చెప్పుట ఎంత ఆకర్షణీయమో ఊహింపవచ్చును. కాని ఆ ప్రభుత్వము అతనికి దక్కునది అతని శ్రమచేత కాదు, విద్యచేత కాదు, ఓటుచేత కాదు; కేవలము పుట్టుకచేత. ప్రక్కనున్న తొమ్మండుగురు పాలితులైననే ఆ పదియవవాడు పాలకుడగును. జర్మనీలో నిరుద్యోగియైన కార్మికునికి ‘నీవు ఆర్యుడవు’ అని చెప్పినవారు అమ్మినదియు ఈ సరుకే. పేదవానికి కూడు పెట్టక గొప్పతనము పెట్టుట. రెండు చోట్లను ఇది చెల్లుబడియైనది.

1938 వ సంవత్సరమున ఉస్మానియా వసతి గృహములలో చెలరేగిన కలహమును వందేమాతరం ఉద్యమమని మనము పిలుచుకొందుము. హిందూ విద్యార్థులు తమ ప్రార్థనలో ఆ గీతమును పాడుచుండగా అధికారులు నిషేధించిరి. వారు మానలేదు. ఔరంగాబాదు, ఓరుగల్లు, గుల్బర్గా కళాశాలలకు సమ్మె వ్యాపించెను. అధికారులు విద్యార్థులను వసతి గృహముల నుండి, పిదప తరగతుల నుండి తొలగించిరి. వారికి ఇతర విశ్వవిద్యాలయములలో ప్రవేశము దొరకుట దుర్లభమైనది. నాగపూరు విశ్వవిద్యాలయపు వైస్ ఛాన్సలరు టి. జె. కేదార్ వారికి తలుపు తెరచెను. అట్లు వెళ్లినవారిలో ఓరుగల్లు కళాశాల విద్యార్థి యొకడు పాములపర్తి వేంకట నరసింహారావు. అతడు 1991 నుండి 1996 వరకు భారత ప్రధానమంత్రిగ ఉండెను.

దీనిని ఫాసిస్టు వ్యతిరేక పోరాటమని నేను చెప్పను. ఆ గీతము విషయమున ముస్లిము సహాధ్యాయులకు అభ్యంతరములుండెను. వానిని నిరాధారములని త్రోసివేయుట న్యాయము కాదు. తోటివారు కూర్చుండి మాటలాడుకొని పరిష్కరించుకొనవలసిన విషయమది. అధికారులు మాటలాడలేదు, బహిష్కరించిరి. హిందూ విద్యార్థి ఒక వైపునకు, ముస్లిము విద్యార్థి మరియొక వైపునకు నెట్టబడిరి. ఆ తరువాతి పది సంవత్సరములు హైదరాబాదు అనుభవించిన దుఃఖములో ఈ చీలికకు పాలు కలదు.

చీలిక నడుమ వంతెన వేయజూచిన గుంపు ఒకటి మరుసటి ఏడాదియే కనుపించును. 1939 ప్రాంతమున కొందరు యువకులు కామ్రేడ్స్ అసోసియేషన్ అను సంఘమును నెలకొల్పిరి. మఖ్దూమ్ మొహియుద్దీన్, రాజ్ బహదూర్ గౌడ్, ఆలం ఖుంద్‌మీరీ, జవాద్ రజ్వీ, ఓంకార్ ప్రసాద్ మొదలగువారు అందులోనివారు. పేర్లు వినుటతోనే తెలియును, ఆ సభ్యత్వ పట్టికలో మతమునకు గడి లేదని. మఖ్దూమ్ మెదకు జిల్లా అందోలులో 1908 లో పుట్టి, తండ్రిని బాల్యముననే పోగొట్టుకొని, మసీదు ఊడ్చుచు పెరిగి, ఉస్మానియాలో ఎం. ఏ. చదివి, సిటీ కళాశాలలో అధ్యాపకుడైనవాడు. గౌడ్ ఉస్మానియా వైద్య కళాశాల విద్యార్థి. 1935 లో ముస్సోలినీ అబిసీనియాపై దండెత్తెను. 1936 లో స్పెయిను దేశమున అంతర్యుద్ధము రగిలెను. ఈ యువకుల బుద్ధి వికసించిన కాలమది. ఆ వార్తలను ఖాజీ అబ్దుల్ గఫార్ సంపాదకుడుగ నున్న ‘పయామ్’ వంటి ఉర్దూ పత్రికలు హైదరాబాదునకు తెచ్చుచుండెను. అబిసీనియా దుఃఖము తమకేల అని వారనుకొనలేదు.

ఈ సందర్భమున ఒక సంగతి జ్ఞప్తికి వచ్చుచున్నది. సరోజినీ దేవి సోదరుడు వీరేంద్రనాథ చట్టోపాధ్యాయుడు హైదరాబాదు బిడ్డయే. తండ్రి అఘోరనాథుడు నిజాము కళాశాలకు తొలి ప్రధానాచార్యుడు. వీరేంద్రుడు బెర్లినులో ఉండి, 1927 లో బ్రస్సెల్సులో జరిగిన సామ్రాజ్యవాద వ్యతిరేక మహాసభకు ముఖ్య కార్యకర్తయై, నాజీలు అధికారమునకు రాకమునుపే సోవియట్ దేశము చేరెను. అక్కడ 1937 లో స్టాలిను కాలపు దండనలలో అతనిని కాల్చి చంపిరి. ఒక నిరంకుశత్వమునకు దూరముగ పోయి మరియొకదాని చేత చిక్కెను. కామ్రేడ్స్ అసోసియేషన్ యువకులకు సోవియట్ దేశముపై గల విశ్వాసమును తలచునపుడు ఈ సంగతిని మరచుట తగదు. వారు పొరపాటు పడిన సందర్భములు లేకపోలేదు. 1941 జూన్‌లో హిట్లరు రష్యాపై దాడి చేసిన పిమ్మట, నిన్నటివరకు సామ్రాజ్యవాద యుద్ధమైనది వారికి ప్రజాయుద్ధమైనది; 1942 లో దేశమంతయు ‘క్విట్ ఇండియా’ అని లేచిన వేళ కమ్యూనిస్టులు దూరముగ నిలిచిరి. ఫాసిజమును ఓడించుటయే ముందు పని అని వారి తర్కము. తర్కములో బలమున్నను, జైళ్లకు పోయిన వారి యిండ్లలో అది చెవికెక్కలేదు.

1944 లో మఖ్దూమ్ కవితల తొలి సంపుటము ‘సుర్ఖ్ సవేరా’ వెలువడెను. ‘ఎర్రని వేకువ’ అని అర్థము. అప్పటికే అతడు అధ్యాపక పదవిని విడిచి కార్మిక సంఘముల పనిలో మునిగియుండెను. 1947 సెప్టెంబరు 11 వ తేదీన నిజాము పాలనపై సాయుధ పోరాటమునకు పిలుపునిచ్చిన ప్రకటనలో రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి గారలతో పాటు మఖ్దూమ్ సంతకము కలదు. ఆ పోరాట మార్గమును అంగీకరించుట, అంగీకరింపకపోవుట వేరు విషయము. ‘నీవును ప్రభువువే’ అని పిలిచిన సింహాసనమునకు ఒక ముస్లిము కవి ‘నాకు వలదు’ అని వ్రాతపూర్వకముగ చెప్పెను.

1946 చివర లాతూరు వకీలు ఖాసిం రజ్వీ మజ్లిసు నాయకత్వమునకు వచ్చెను. మజ్లిసునకు అనుబంధముగ 1938 నుండియే ఉన్న రజాకారు దళము అతని చేతిలో మరియొక రూపము దాల్చెను. ఖాకీ దుస్తులు, ప్రమాణములు, కవాతులు, ప్రతి దినము నిప్పులు చెరగు ఉపన్యాసములు. పల్లెలలో దోపిడులు, గృహదహనములు, మానభంగములు. ఎదురు నిలిచిన గ్రామములను శిక్షించుట. 1948 ఆగస్టు 27 వ తేదీన బైరాన్‌పల్లిలో జరిగిన హత్యాకాండను ఆ ప్రాంతము నేటికిని మరువలేదు.

ఆ ఆగస్టు నెలలోనే హైదరాబాదులో ఒక ప్రకటన వెలువడెను. సంతకములు చేసినవారు ఏడుగురు, అందరును ముస్లిములే. బాకర్ అలీ మీర్జా, ముల్లా అబ్దుల్ బాసిత్, ఫరీద్ మీర్జా, మహమ్మద్ హుసేన్ జాఫరీ మున్నగువారు. ఫరీద్ మీర్జా తహసీలుదారుగ పనిచేయుచు, రజాకారుల అత్యాచారములను చూడలేక పదవిని వదలుకొనినవాడు. రజాకారు దళమును రద్దు చేయవలెననియు, సంస్థానము భారత యూనియనులో చేరవలెననియు వారు కోరిరి. నేటి మన కంటికి ఇది సామాన్యమైన కోరికవలె కనుపించును. ఆనాటి హైదరాబాదులో ఆ కాగితముపై పేరు వ్రాయుట యనగా మరునాడు మసీదులో, బజారులో, బంధువుల యింట ‘ద్రోహి’ అనిపించుకొనుట. అదియు అదృష్టవంతులకు. తక్కినవారికి కత్తి.

ఆ ప్రకటనను ప్రచురించిన పత్రికలలో ‘ఇమ్రోజ్’ ఒకటి. ‘ఈ దినము’ అని దాని అర్థము. సంపాదకుడు షోయబుల్లా ఖాను, ఉస్మానియా పట్టభద్రుడు. మానుకోట ప్రాంతమువాడు, 1920 లో పుట్టెను. తండ్రి రైల్వే పోలీసు ఉద్యోగి. కుమారుడు పుట్టిన దినమున ఆ దారిని పోవు రైలులో గాంధీ మహాత్ముని దర్శనమైనదనియు, అందుచేత తండ్రి ఆ బిడ్డను ముద్దుగ ‘షోయబుల్లా గాంధీ’ అని పిలుచుచుండెననియు చెప్పుదురు. పట్టము పుచ్చుకొన్నవానికి సర్కారులో మంచి కొలువు దొరకు కాలమది. అతడు పత్రికా రచనను కోరుకొనెను. ‘తేజ్’ పత్రికలో చేరెను, అది ఆగిపోయెను. మందుముల నరసింగరావు గారి ‘రయ్యత్’లో చేరెను; దానిని ప్రభుత్వము మూయించెను. బూర్గుల రామకృష్ణారావు గారి వంటి పెద్దల తోడ్పాటుతో, ఇంటిలోని నగలమ్మి సమకూర్చిన సొమ్ముతో, 1947 నవంబరులో ‘ఇమ్రోజ్’ ప్రారంభించెను. ఒక పత్రిక మూతపడగానే మరియొకదానిలో చేరుట, అదియు పోగా తానే ఒకటి పెట్టుట: ఆ పట్టుదలను గమనింపుడు. అతని వయస్సు అప్పటికి 27.

ఉర్దూలో వ్రాయుటయే అతని నేరము. ఇవే మాటలు తెలుగులోనో ఆంగ్లములోనో వచ్చియుండినచో రజాకారులు వానిని శత్రువుల కూతలని కొట్టివేసియుందురు. వారి బలగము చదువు భాషలో, వారి యింటి దీపము వెలుగులో, వారి పేరు వంటి పేరు గలవాడే ‘ఇది అన్యాయము’ అని వ్రాయుచున్నాడు. సిద్ధాంతము నిలుచుట కష్టమైనది. ‘నీవు పుట్టుకచేత ప్రభువువు’ అని చెప్పినపుడు అట్లే పుట్టినవాడు ‘నేను కాను’ అనినచో మిగిలిన కట్టడము ఏమగును? బెదరింపు లేఖలు వచ్చినవి. ఖాసిం రజ్వీ ఒక బహిరంగ సభలో, ముస్లిముల ఐకమత్యమునకు విరుద్ధముగ లేచు చేతులు నరకబడునని హెచ్చరించెను. అది అలంకారమని ఎవరైన అనుకొనియుండినచో పొరబడిరి.

1948 ఆగస్టు 21 వ తేదీ రాత్రి పొద్దుపోయిన పిమ్మట షోయబుల్లా ఖాను పత్రిక పని ముగించుకొని బావమరిది ఇస్మాయిల్ ఖానుతో కలసి కాచిగూడ వైపు ఇంటికి నడచి వచ్చుచుండెను. లింగంపల్లి చౌరస్తా దగ్గర వెనుకనుండి తుపాకులు పేలినవి. పడిపోయినవాని చేతిని నరికిరి. అడ్డుపడిన ఇస్మాయిల్ ఖాను చేతిని గూడ నరికిరి. షోయబుల్లా ఖాను 22 వ తేదీ తెల్లవారుజామున ప్రాణము విడిచెను. ఇస్మాయిల్ ఖాను ఆ తరువాత జీవితమంతయు ఒంటిచేతితో గడపెను.

మూడు వారములు గడచినవి. సెప్టెంబరు 13 న భారత సైన్యము సంస్థానములో ప్రవేశించెను. 17 వ తేదీ సాయంకాలము నిజాము దక్కన్ రేడియోలో మాటలాడి యుద్ధ విరమణను ప్రకటించెను. శ్రోతల కుటుంబములలో ఆ సాయంకాలమును గురించి తాతలు చెప్పగా వినినవారు ఉండియుందురు. రేడియో ఉన్న యింటి అరుగుపై వీధి వీధియే కూడియుండెనని మా పెద్దలు చెప్పుచుండిరి. ఆ దక్కన్ రేడియోనే 1950 లో ఆకాశవాణి స్వీకరించినది.

కథను ఇక్కడ ముగించిన సుఖముగ నుండును. కాని సత్యము కాదు. రజాకారులు చేసినదానికి వారితో ఏ సంబంధమును లేని ముస్లిము పల్లె ప్రజలు ఉసురు తీసుకొనబడిరి. మరాఠ్వాడా జిల్లాలలో ఇది మరింత ఘోరముగ జరిగినది. ప్రధానమంత్రి నెహ్రూ కోరికపై పండిత సుందర్‌లాల్ నాయకత్వమున ఒక బృందము ఆ జిల్లాలు తిరిగి విచారించెను. తక్కువలో తక్కువగ లెక్కించినను 27 వేల నుండి 40 వేల మంది వరకు చనిపోయిరని వారు నివేదించిరి. ఆ నివేదిక పదుల సంవత్సరములు వెలుగు చూడలేదు. ఆ బృందములో ‘పయామ్’ సంపాదకుడు ఖాజీ అబ్దుల్ గఫారు కలడు. నిన్నటి దినమున రజాకారుల ఆగ్రహమునకు పాత్రుడైనవాడు, నేడు వారి పేరున చంపబడినవారి శవములను లెక్కించుటకు పోయెను. రెండు పనులును అతనికి ఒక్కటిగనే తోచియుండవలెను. పుట్టుకను బట్టి మనుష్యుని శిక్షించుట ‘అనల్ మాలిక్’ యొక్క రెండవ ముఖమే గదా.

తరువాతి కాలమున ఆవరణము మారినది. బోధనా భాష మారినది. తార్నాక చుట్టును పరిశోధనాలయములు వెలసినవి. 1958 లో కూనూరు నుండి పోషకాహార పరిశోధన సంస్థ ఇచ్చటికి తరలివచ్చినది. 1970 ప్రాంతపు విద్యార్థులకు వియత్నాము యుద్ధము, అమెరికాలోని నల్లజాతి ప్రజల హక్కుల పోరాటము తమ వీధి వార్తలవలె నుండెను. వారిలో జార్జి రెడ్డి యొకడు. పాలక్కాడులో 1947 లో పుట్టి, ఇచ్చట భౌతిక శాస్త్రమున స్వర్ణపతకము పొందినవాడు. మతము పేరున, కులము పేరున, కండబలముతో వసతి గృహములను ఏలుటను ప్రతిఘటించుచు పేద విద్యార్థులను కూడగట్టెను. 1972 ఏప్రిల్ 14 వ తేదీన ఇంజనీరింగు కళాశాల వసతి గృహము చెంత అతనిని కత్తులతో పొడిచి చంపిరి. వయస్సు 25. నిందితులు న్యాయస్థానమున నిర్దోషులుగ విడుదలయిరి. జార్జి బలమునకు బలమే సమాధానమని నమ్మినవాడు; ఆ నమ్మకమును గురించి నాకు సందేహములు కలవు. కాని ఆ సాయంకాలము అతడు ఒంటరిగ నుండెను, వచ్చినవారు పలువురు.

తార్నాకకు తూర్పున హబ్సిగూడ కలదు. నిజాము కొలువులో ఆఫ్రికా దేశములనుండి వచ్చిన సైనికులుండిరి. వారిని హబ్షీలనిరి, ఆ పేట పేరులో నిలిచినది ఆ మాటయే. నేడు విశ్వవిద్యాలయమునకు ఆఫ్రికా దేశముల విద్యార్థులు చదువుకొరకు వచ్చుచున్నారు; ఈ రెండు పేటలలోను గదులు అద్దెకు తీసుకొనుచున్నారు. 2016 మే నెలలో నగరములోని మరియొక భాగమున, వాహనము నిలుపుటపై వచ్చిన తగవులో ఒక నైజీరియా విద్యార్థిని ఇనుప కడ్డీతో కొట్టిన వార్త పత్రికలలో వచ్చినది. అంతటి ఘోరము కానివి పత్రికలకు ఎక్కవు.

మా వీధిలో ఒక యింటికి ‘అద్దెకు ఇవ్వబడును’ అను పలక వ్రేలాడుచుండెను. సూడాను విద్యార్థి యొకడు, సన్నగ పొడవుగ నున్నవాడు, కాగితములన్నియు సంచిలో పెట్టుకొని వచ్చి అడిగెను. ఇంటివారు గది నిన్ననే కుదిరిపోయినదని చెప్పిరి. పలక మాత్రము తీయలేదు. అతడు దానిని చూచెను, వారు అతడు చూచుటను చూచిరి. ఎదురింటి పెద్దమ్మగారు, వయస్సు 70 దాటినది, వారికి దగ్గరి బంధువే, మేడమీదినుండి ఇదంతయు వినుచుండెను. పది నిముషములకు క్రిందికి దిగి వచ్చి, “నాయనా, మా మేడమీది గది ఖాళీగానే ఉన్నది. గోడకు సున్నము వేయలేదు, నీవే వేసికొనవలెను” అని హైదరాబాదీ ఉర్దూలో చెప్పెను. ఆ సాయంకాలమునుండి ఎదురింటి బంధువులు ఆమెతో కొంతకాలము మాటలాడలేదు. ఆ యేటి సంక్రాంతికి ఇరుగు పొరుగు పేరంటపు పిలుపులలో ఆమె యిల్లు తప్పిపోయెను. ఆ యువకుడు మూడు సంవత్సరములు ఆ గదిలోనే ఉండి చదువు ముగించుకొని వెళ్లెను. గోడకు అతడు వేసిన సున్నము కొంచెము నీలముగ వచ్చినది. ఆమె దానిని మార్పించలేదు.